జూక్‌బాక్స్‌లో వేసిన బిళ్ల ఎవరికి ముట్టింది?

యూట్యూబ్‌లో ఏ తెలుగు సినిమా పేరు కొట్టినా పక్కన 'జూక్‌బాక్స్' అనే మాట కనిపిస్తుంది. పాటలన్నీ ఒకే వీడియోలో వరసగా పెడితే మన ఆడియో కంపెనీలు దానికి పెట్టుకున్న పేరది. సినిమా పాటలకే కాదు, జానపదాలకూ బతుకమ్మ పాటలకూ ఉద్యమ పాటలకూ ఇప్పుడు జూక్‌బాక్స్‌లు వస్తున్నాయి. గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల వైపు పాట కట్టే పిల్లలు, పాడే పిల్లలు తమ పాట అందులో ఉంటే సంబరపడతారు. కొన్నాళ్లకు అదే పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు: ఇంతమంది విన్నరు గదా, పైసలు ఎవరికి పోయినయ్?

జూక్‌బాక్స్ అనే మాట పుట్టిన అమెరికాలో నల్లజాతి పాటగాళ్లు ఇదే ప్రశ్న 70, 80 ఏళ్ల కిందటే అడిగారు. వాళ్ల పాటలకు మార్కెట్ పెట్టిన పేరు 'రిథమ్ అండ్ బ్లూస్'. ఆ పాటలు ఎలా పుట్టాయి, ఎవరు విన్నారు, ఎవరు బాగుపడ్డారు అనేది దళిత విద్యార్థులకూ కార్యకర్తలకూ తెలిసి ఉండాలని మేము అనుకుంటున్నాం. 1946లో డాక్టర్ అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతి ప్రజలు ఇచ్చిన విన్నపం ప్రతి కావాలని అడిగారు. మన వాళ్లు వాళ్ల పోరాటాన్ని చదవడం అప్పటి నుంచీ ఉంది. పాటల లెక్క కూడా అందులో భాగమే.

జూక్‌బాక్స్ అంటే

అది హోటల్లో, సారా దుకాణంలో ఒక మూలకు నిలబెట్టిన పెద్ద పెట్టె. లోపల గ్రామఫోన్ రికార్డులు, బయట పాటల పేర్లు, పక్కన బిళ్ల వేసే సందు. 5 సెంట్ల బిళ్ల వేసి మీట నొక్కితే కోరిన పాట మోగుతుంది. వుర్లిట్జర్, సీబర్గ్, రాక్-ఓలా అనేవి ఆ పెట్టెలు చేసిన పేరున్న కంపెనీలు. 1948లో సీబర్గ్ కంపెనీ 100 పాటలు పట్టే పెట్టెను తెచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి కూలీలు పని దిగాక కూడి తాగి ఆడే చిన్న కొట్టాలను 'జూక్ జాయింట్' అనేవాళ్లు. పెట్టెకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

పెట్టె సాధారణంగా హోటల్ యజమానిది కాదు. ఊరూరా పెట్టెలు పెట్టే కాంట్రాక్టరు ఉంటాడు. వచ్చి బిళ్లలు లెక్కేసి, హోటలాయనతో పంచుకొని, ఎక్కువ మోగిన పాట ఉంచి, మోగని పాట తీసి కొత్తది పెట్టిపోతాడు. ఏ పాట ఎన్నిసార్లు మోగిందో పెట్టెకు తెలుసు.

ఈ లెక్క నల్లజాతి పాటకు ఒక దారి తెరిచింది. అప్పటి పెద్ద రేడియో స్టేషన్లలో నల్లవాళ్ల పాటలు చాలా తక్కువగా వినిపించేవి. రేడియోలో ఏం వేయాలో నిర్ణయించేది స్టేషన్ వాళ్లు. జూక్‌బాక్స్ దగ్గర నిర్ణయించేది బిళ్ల చేతిలో ఉన్నవాడు. షికాగో ఉక్కు కర్మాగారం నుంచి, డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీ నుంచి షిఫ్టు దిగి వచ్చిన కూలీ తన పాటకు తానే ఓటు వేశాడు.

పాటకూ ఒక వాడ

1920లో మామీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' రికార్డు బాగా అమ్ముడుపోయింది. నల్లవాళ్లు కూడా రికార్డులు కొంటారని కంపెనీలకు అప్పుడు తెలిసొచ్చింది. వెంటనే వాళ్ల కోసం వేరే వరస మొదలుపెట్టి దానికి 'రేస్ రికార్డ్స్' అని పేరు పెట్టాయి. అందులో భక్తి పాట ఉన్నా, నవ్వులాట పాట ఉన్నా, విరహం ఉన్నా పేరు ఒక్కటే. పాటను రాగాన్ని బట్టి కాకుండా పాడినవాడి పుట్టుకను బట్టి వేరు పెట్టారు. ఊరికి దూరంగా వాడ ఉన్నట్టు, పాటల పట్టికకు దూరంగా ఒక పట్టిక వెలిసింది.

సంగీత వ్యాపార పత్రిక 'బిల్‌బోర్డ్' 1942లో నల్లజాతి వాళ్లు మెచ్చిన పాటలకు 'హార్లెమ్ హిట్ పరేడ్' పేరుతో వేరే పట్టిక మొదలుపెట్టింది. 1945లో జూక్‌బాక్స్‌లలో ఎక్కువగా మోగిన 'రేస్' పాటల పట్టిక వేసింది. 1949 జూన్‌లో ఆ మాట తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని పెట్టింది. ఈ కొత్త పేరు సూచించింది అప్పట్లో అదే పత్రికలో పనిచేసే జెర్రీ వెక్స్‌లర్. పేరు మర్యాదగా మారింది కానీ పట్టిక వేరుగానే ఉంది. మాటలు మార్చినంత మాత్రాన వాడ ఊళ్లో కలవదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1910 నుంచి 1970 వరకు దాదాపు 60 లక్షల మంది నల్లజాతి ప్రజలు దక్షిణాది పత్తి చేలు విడిచి ఉత్తరాది, పడమటి నగరాలకు వలసపోయారు. ఈ పాటలు ఆ వలసవి. పల్లెలో ఒంటి గిటారుతో పాడిన బ్లూస్‌కు నగరంలో డ్రమ్ము, శాక్సాఫోన్, పియానో, కరెంటు గిటారు తోడయ్యాయి. హోటల్ గోలలో వినిపించాలంటే దెబ్బ గట్టిగా పడాలి. నాలుగు దెబ్బల తాళంలో రెండోది, నాలుగోది బరువుగా వేసే పద్ధతి ఈ పాటల గుర్తు.

వినాల్సిన కొన్ని పాటలు

కొత్తగా వినేవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

లూయీ జోర్డాన్ పాడిన 'చూ చూ చ్‌బూగీ', 1946. ఇది నల్లజాతి పాటల పట్టికలో 18 వారాలు మొదటి స్థానంలో ఉంది. అర్కన్సాస్ రాష్ట్రంలో పుట్టిన జోర్డాన్‌ను 'జూక్‌బాక్స్ రాజు' అన్నారు. పైకి రైలు మీద సరదా పాట. లోపల ఉన్నది రైలు దిగి, పేపర్లో ఉద్యోగ ప్రకటనలు వెతికి, తనకు పనికొచ్చేది ఒక్కటీ దొరకని మనిషి. కారుణ్య నియామకం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన కార్మికుల పిల్లలకు ఆ నవ్వులోని చేదు వెంటనే అందుతుంది.

వైనోనీ హారిస్ పాడిన 'గుడ్ రాకిన్ టునైట్', 1948. రాసి మొదట పాడింది రాయ్ బ్రౌన్, 1947లో. తర్వాత 'రాక్ అండ్ రోల్' అనిపించుకున్న ఊపు ఇందులో అప్పటికే ఉంది.

ఫ్యాట్స్ డొమినో 'ద ఫ్యాట్ మ్యాన్'. 1949 డిసెంబర్‌లో న్యూ ఆర్లీన్స్‌లో రికార్డు చేశారు. పియానోను డ్రమ్ములా వాయిస్తే ఎలా ఉంటుందో ఇందులో వినవచ్చు.

రూత్ బ్రౌన్ 'టియర్‌డ్రాప్స్ ఫ్రమ్ మై ఐస్', 1950. ఈమె పాటలతో అట్లాంటిక్ కంపెనీ ఎంత ఎదిగిందంటే దాన్ని 'రూత్ కట్టిన ఇల్లు' అని పిలిచారు.

బిగ్ మామా థార్న్‌టన్ 'హౌండ్ డాగ్'. 1952లో రికార్డై 1953లో విడుదలైంది. నల్లజాతి పాటల పట్టికలో 7 వారాలు మొదటి స్థానం. తన మీద పడి తినే మగవాణ్ని ఇంట్లోంచి తరిమే ఆడదాని గొంతు అది.

లావర్న్ బేకర్ 'ట్వీడ్లీ డీ', చక్ బెర్రీ 'మేబెలీన్', రే చార్లెస్ 'ఐ గాట్ ఎ ఉమన్', లిటిల్ రిచర్డ్ 'టూటీ ఫ్రూటీ'. ఈ నాలుగూ 1955 ప్రాంతంలో జూక్‌బాక్స్‌లను ఊపేసినవి.

బిళ్ల వెళ్లిన దారి

1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. టికెట్ లేని చోట బిళ్ల వేసి పాట మోగించే యంత్రానికి ప్రదర్శన రుసుము లేదు. అంటే జూక్‌బాక్స్‌లో పాట వెయ్యిసార్లు మోగినా, లక్షసార్లు మోగినా, ఆ మోగడానికి రచయితకూ స్వరకర్తకూ ఒక్క సెంటు రాదు. కాంట్రాక్టరుకు కొంత, హోటలాయనకు కొంత, అంతే. పెట్టెలోకి కొన్న ఒక్క రికార్డు మీద రచయితకు చట్టం చెప్పిన 2 సెంట్లు వస్తే వచ్చినట్టు. 1976లో వచ్చిన కొత్త చట్టం 1978 నుంచి అమలై, ఈ మినహాయింపు పోయేసరికి జూక్‌బాక్స్ కాలమే దాటిపోయింది.

పాడినవాళ్ల గతి ఇంకా అన్యాయం. చాలామందికి రికార్డింగ్ రోజు చేతిలో పెట్టిన కూలీయే మొత్తం డబ్బు. రాయల్టీ రాసుకున్నచోట స్టూడియో ఖర్చు, వాద్యకారుల ఖర్చు గాయకుల పద్దులోనే అప్పుగా రాసేవాళ్లు. పాట ఎంత ఆడినా అప్పు తీరదు. దొర దగ్గర జీతమున్న పాలేరు పద్దు ఎలా తీరేది కాదో ఇదీ అంతే. 'హౌండ్ డాగ్' మొత్తానికి తనకు ఒకే ఒక్క 500 డాలర్ల చెక్కు ముట్టిందని బిగ్ మామా థార్న్‌టన్ చెప్పింది. 1956లో అదే పాట పాడిన ఎల్విస్ ప్రెస్లీ ప్రపంచానికంతటికీ తెలిశాడు. ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. థార్న్‌టన్ రికార్డు వేసిన పీకాక్ కంపెనీ యజమాని డాన్ రాబీ నల్లజాతివాడే. పాట రాసిన ఇద్దరు తెల్ల కుర్రాళ్లు లీబర్, స్టోలర్‌లకు కూడా ఆయన సరిగ్గా డబ్బివ్వలేదు. మనవాడు కంపెనీ పెడితే మన పాటకు న్యాయం దానంతటదే జరుగుతుందనుకోవడం పొరపాటు. కాగితం మీద ఏం రాసుకున్నామన్నదే లెక్క.

పేరు పోవడం డబ్బు పోవడంతోనే మొదలవుతుంది. 'మేబెలీన్' రాసింది చక్ బెర్రీ ఒక్కడే. రికార్డు మీద మాత్రం అలాన్ ఫ్రీడ్ అనే రేడియో వ్యాఖ్యాత పేరు, రస్ ఫ్రాటో అనే మరొకాయన పేరు కూడా రచయితలుగా ఎక్కాయి. పాట రేడియోలో మోగాలంటే ఆ కప్పం తప్పలేదు. బెర్రీకి తన పాట పూర్తిగా తిరిగి దక్కింది 1986లో.

లావర్న్ బేకర్ పాటను తెల్ల గాయని జార్జియా గిబ్స్ అదే వరస, అదే వాద్యాల కూర్పుతో పాడి పెద్ద మార్కెట్‌లో అమ్ముకుంది. చట్టం రాతనూ బాణీనీ కాపాడేది కానీ పాట అలంకరణను, పాడిన తీరును కాపాడేది కాదు. బేకర్ ఊరుకోలేదు. 1955లో నల్లజాతి పార్లమెంటు సభ్యుడు చార్లెస్ డిగ్స్‌కు ఉత్తరం రాసి చట్టం మార్చమని అడిగింది. చట్టం అప్పుడు మారలేదు. కానీ పాట పాడిన మనిషి హక్కు అడగడం అప్పుడు రికార్డయింది.

రూత్ బ్రౌన్ కథ అడిగితే ఏం జరుగుతుందో చెబుతుంది. పాటల కాలం దాటాక ఆమె ఇళ్లలో పనిచేసింది, స్కూలు బస్సు నడిపింది. తర్వాత ఒక న్యాయవాది సాయంతో ఏళ్ల తరబడి పాత లెక్కలు తీయించింది. 1988లో అట్లాంటిక్ కంపెనీ ఆమెతో పాటు మరెందరో పాత కళాకారుల అప్పుల పద్దులు కొట్టేసి, వెనకటి 20 ఏళ్ల రాయల్టీ కట్టడానికి ఒప్పుకుంది. ఆ పోరాటం నుంచే పాత పాటగాళ్లను ఆదుకునే రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ పుట్టింది.

పెట్టెలోంచి పాట తీసేయమన్నవాళ్లు

అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ బొగ్గు, ఇనుము మీద పెరిగిన ఊరు. 1956లో అక్కడి తెల్ల ఆధిపత్యవాదుల కౌన్సిల్ జూక్‌బాక్స్‌ల నుంచి నల్లవాళ్ల పాటలు తీసేయాలని ఉద్యమం చేసింది. అదే ఏడాది ఏప్రిల్ 10న ఆ ఊళ్లో వేదిక మీద పాడుతున్న నాట్ కింగ్ కోల్ మీద ఆ గుంపుకు చెందినవాళ్లు దాడి చేశారు. తెల్ల పిల్లలు నల్ల పాటకు అడుగు కలపడం వాళ్లకు భయం. హోటల్లో పక్కపక్కన కూచోనివ్వని సమాజానికి ఒకే పాట విని ఇద్దరూ ఊగడం కూడా అంటుడే.

గోదావరి ఒడ్డున

ఇల్లెందు దగ్గర 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. తర్వాత గోదావరి ఒడ్డున గోదావరిఖని పుట్టింది, ఊరి పేరులోనే గని ఉంది. దొర గడిలో వెట్టి నుంచి, కులం పని నుంచి తప్పించుకొని బొగ్గుబాయిలో పని వెతుక్కుంటూ వచ్చిన దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు ఈ ఊరు నింపారు. అమెరికా నల్లజాతి వలస లాంటిదే ఇదీ. పల్లె నుంచి వచ్చినవాళ్లు డప్పునూ పాటనూ వెంట తెచ్చుకున్నారు.

డప్పు సంగతి మనకు తెలుసు. చావుకూ జాతరకూ చాటింపుకూ మాదిగల చేత వెట్టిగా కొట్టించుకున్న ఊరే దాన్ని అంటరాని వాద్యం అంది. బొగ్గు బస్తీల్లో ఆ డప్పు యూనియన్ సభ మొదట్లో మోగింది. 1972లో పుట్టిన జననాట్యమండలి, దాని గొంతుగా నిలిచిన గద్దర్ ఆ దరువును వేదిక ఎక్కించారు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్ పాట కోసం బ్యాంకు ఉద్యోగం వదులుకున్నాడు. 1981లో సింగరేణి కార్మిక సమాఖ్య ఏర్పడిన నాటి నుంచి బొగ్గుబాయి సమ్మెలకూ ఈ పాటలకూ విడదీయలేని బంధం. 2011 సకల జనుల సమ్మెలో గనులు ఆగినప్పుడు కూడా సమ్మె శిబిరాల్లో పాట ఆగలేదు.

మన దగ్గర జూక్‌బాక్స్ పని చేసింది క్యాసెట్. ఆకాశవాణిలో చోటు లేని పాట టీ హోటల్ టేప్ రికార్డర్‌లో మోగింది. ఒక క్యాసెట్ కొంటే పది క్యాసెట్లలోకి ఎక్కించుకునేవాళ్లు. నిర్బంధ కాలంలో ఇంట్లో ఆ క్యాసెట్ దొరకడమే నేరంగా చూశారు. ఇక్కడ కూడా పాట ఎవరిదో చెప్పింది వినేవాళ్లే.

కానీ రాసిన మనిషి పేరు విషయంలో మనమూ తప్పు చేశాం. 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి' గద్దర్‌ది అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో. రాసింది సాయుధ పోరాట కాలపు యాదగిరి. 'ఊరు మనదిరా' పాట ఎన్నో భాషల్లోకి పోయింది, ఊరూరా సభల్లో పాడారు. అది రాసిన గూడ అంజయ్య బొగ్గు గనుల పక్కనే, ఇప్పటి మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం లింగాపూర్‌లో పుట్టినవాడు. పాడేవాళ్లందరికీ ఆ పేరు తెలుసా? ఉద్యమ పాట అందరిదీ అనడం మంచి మాటే. అందరిదైన పాటకు ఒక తల్లో తండ్రో ఉన్నారని చెప్పడం దానికి అడ్డం కాదు.

ఇప్పుడు ఇంకో పేరు వచ్చింది: 'జానపదం'. నిన్నమొన్న వాడలో ఒక అక్క కట్టిన పాట కింద కూడా 'జానపదం' అని వేసేస్తున్నారు. జానపదం అంటే రచయిత లేడని అర్థం. రచయిత లేని పాటకు రాయల్టీ అడిగేవాడూ ఉండడు. ఒకప్పుడు 'రేస్' అనే ముద్ర చేసిన పనే ఇప్పుడు ఈ ముద్ర చేస్తోంది. మనిషి కట్టిన పాటను గుంపు ఖాతాలో వేసి, ఆదాయాన్ని మాత్రం ఛానల్ ఖాతాలో వేస్తోంది.

మన చట్టంలో ఏముంది

పాట కట్టే, పాడే ప్రతి ఒక్కరూ ఈ విషయాలు తెలుసుకోవాలి.

భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం పాట రాసిన, బాణీ కట్టిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ తగాదా వస్తే అది సాక్ష్యంగా పనికొస్తుంది.

ఆ హక్కు రచయిత బతికినన్నాళ్లు, చనిపోయాక 60 ఏళ్లు ఉంటుంది. 2016లో పోయిన గూడ అంజయ్య రచనల మీద 2076 చివరి దాకా, 2023లో పోయిన గద్దర్ రచనల మీద 2083 చివరి దాకా హక్కులున్నాయి. పేరు లేకుండా అచ్చయిన రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు.

హక్కులు అమ్మేసినా 'ఈ పాట నాది' అని చెప్పుకునే హక్కు పోదు. చట్టంలోని 57వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది.

హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం చూస్తుంది. కాబట్టి 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అనే మాటలు కాగితంలో కనిపిస్తే ఆగి చదవాలి.

2012 సవరణ ముఖ్యమైనది. సినిమా పాటైనా, విడి ఆల్బమ్ పాటైనా సినిమా హాలు బయట వచ్చే ఆదాయంలో రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నట్టు రాయించుకున్నా చెల్లదు. పాడినవాళ్లకు కూడా తమ ప్రదర్శనను వ్యాపారంగా వాడితే రాయల్టీ అడిగే హక్కు ఉంది.

పాత పాటను మళ్లీ పాడి రికార్డు వేయాలంటే మొదటి రికార్డింగ్ తర్వాత 5 ఏళ్లు గడవాలి, ముందస్తు నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కట్టాలి, అది కవర్ అని చెప్పాలి. అంతకన్నా ముందు పాడాలంటే హక్కుదారు ఒప్పుకోవాలి. లావర్న్ బేకర్‌కు దొరకని రక్షణలో కొంత మనకు ఉంది.

రచయితలు, స్వరకర్తలు ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యులుగా చేరవచ్చు. గాయకులకు వేరే సంఘం ఉంది. సభ్యత్వం లేని పాట తరఫున వసూలు చేసేవాళ్లు ఉండరు.

సభలో, సమ్మెలో, అంబేడ్కర్ జయంతిలో పాట పాడితే పైసలు అడగాలని మేము అనడం లేదు. ఆ పాటలు అందుకే పుట్టాయి. మేము అడుగుతున్నది రెండే. పాడే ముందు రాసిన మనిషి పేరు చెప్పాలి. ఆ పాట మీద ఎవరైనా వ్యాపారం చేస్తే రాసినవాళ్లకు, పాడినవాళ్లకు, డప్పు కొట్టినవాళ్లకు వాటా రావాలి.

విద్యార్థి మిత్రులు ఒక పని చేయవచ్చు. మీ బస్తీలో, మీ వాడలో పాటలు కట్టిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోయి పాట, కట్టిన సంవత్సరం, సందర్భం, ఎవరు ఏ వాద్యం వాయించారో నోటుబుక్కులో రాయండి. ఫోన్‌లో వాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. దాని మీద వాళ్ల సంతకం తీసుకొని ఒక కాపీ వాళ్ల ఇంట్లో పెట్టండి. తట్టా చెమ్మస్ పట్టిన రోజుల్లో ఫిల్లరు తాను నింపిన టబ్బుల లెక్క ఎవరికీ వదిలిపెట్టలేదు, ఒక్క టబ్బు తగ్గినా గని ముందు నిలబడి అడిగాడు. ఆ ఫిల్లరు కట్టిన పాటకు కూడా అంతే గట్టిగా లెక్క అడగాలి.